చెరువు ఒడ్డున తొమ్మిదంతస్తులు: ప్లాన్ చూసొచ్చాను, మీ మాట చెప్పండి

కట్టమీది నడక · ఆదివారం రాత్రి

నమస్తే. పాలమూరోళ్ళకు ఇది ఏ చెరువో రెండో పేరాలోనే తెలిసిపోతుంది, అందుకని పేరు రాయడం లేదు. బిల్డర్ పేరు కూడా వద్దు. భూ వినియోగ మార్పు కోసం పేపర్లో ప్రకటన వచ్చింది, అభ్యంతరాలకు 15 రోజులు గడువు. మొన్న శుక్రవారం వార్డు వాళ్ళను పిలిచి ప్లాన్ చూపించారు. ముప్పై మంది దాకా వచ్చాం. అందులో సగం బిల్డర్ మనుషులేనని టీ తాగేటప్పుడు తెలిసింది.

చెరువుకు తూర్పు ఒడ్డున ఆరున్నర ఎకరాలు. స్టిల్ట్ పార్కింగ్, దాని మీద తొమ్మిది అంతస్తులు. ఒడ్డు వెంట వరసగా నాలుగు బ్లాకులు. ఒడ్డు పొడవు వాళ్ళ లెక్కలో 220 మీటర్లు. దక్షిణాన కట్ట ఉంది, కట్ట తూర్పు కొసన మత్తడి (అలుగు అని కూడా అంటారు, చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే గోడ), మత్తడి వాగు ఈ స్థలాన్ని ఒరుసుకునే కిందికి పోతుంది.

బోర్డు మీద బొమ్మలు బాగున్నాయి, కాదనను. నీళ్ళు స్విమ్మింగ్ పూల్ లాగా నీలంగా ఉన్నాయి. ఒకామె తెల్లకుక్కతో పరుగెత్తుతోంది. నేను వెతికింది మాత్రం మా చాకిరేవు బండల కోసం. లేవు. మైసమ్మ గుడి ఉండాల్సిన చోట ‘యోగా డెక్’ అని రాసి ఉంది. బతుకమ్మలు వేసే మెట్లు ఎక్కడని అడిగితే, “అది సెకండ్ ఫేజ్ సార్” అన్నాడు సూటు వేసుకున్న పిల్లాడు.

నాది మెడికల్ షాపు. ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్, చెరువు నిండు మట్టం) అంటే టీవీలో విన్నదే. అభ్యంతరం రాయాలంటే ఏం రాయాలి? ఊరికే ‘వద్దు’ అని రాస్తే చెత్తబుట్టలోకి పోతుందని మా వార్డు పెద్దమనిషి అన్నాడు.

ఫ్లాట్ కావాలి · ఆదివారం రాత్రి

అన్నా, మొదలుపెట్టకముందే ‘వద్దు’ అనే మాట వచ్చేసింది. పాలమూరులో ఒక మంచి అపార్ట్‌మెంట్ వస్తుందంటే మనవాళ్ళకే కడుపుమంట. హైదరాబాద్‌లో చెరువు పక్కన ఫ్లాట్ అంటే కోట్లు. ఇక్కడ మా లాంటి టీచర్లకు అందుబాటులో ఉంది. నేను బుకింగ్ అమౌంట్ కట్టాను కూడా. ఆ ఒడ్డున ఇప్పుడు ఏముంది? సర్కారు తుమ్మలు, చికెన్ షాపుల వాళ్ళు పడేసే ఈకలు. అది పోయి పార్కు వస్తే మంచిదే కదా.

పోచమ్మ సందు · ఆదివారం రాత్రి

బ్రోచర్ మీద ‘వంద శాతం వాస్తు’ అని ఉంది. పడమర అంతా చెరువే కదా సార్! మా తాత చిన్న బోరు గుంత ఈశాన్యం తప్పిందని ఇల్లే అమ్మేశాడు.

స్కేలూ పెన్సిలూ · సోమవారం ఉదయం

నేను ఆర్కిటెక్ట్‌ని. మాది నల్లగొండ జిల్లా, పని హైదరాబాద్‌లో. వాస్తు సంగతి ఎలా ఉన్నా పోచమ్మ సందు గారు సరైన దిక్కునే చూపించారు.

చెరువు పడమర ఉంది. అంటే ‘లేక్ వ్యూ’ బాల్కనీలన్నీ పడమర ముఖమే. మే నెలలో పాలమూరు ఎండ సాయంత్రం నాలుగింటికి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? హాలుకు నేల నుంచి పైకప్పు దాకా అద్దాల తలుపు పెడతారు. ఎదురుగా సూర్యుడు, కింద నీళ్ళ మీది మెరుపు, రెండూ ఇంట్లోకే. ఇలాంటి ఫ్లాట్లు రెండు మూడు చూశాను. కొన్నవాళ్ళు మొదటి ఎండాకాలమే బాల్కనీకి పచ్చటి నెట్ కట్టుకుంటారు. చెరువు కోసం అదనంగా డబ్బు కట్టి, చెరువు కనబడకుండా గుడ్డ కట్టుకోవడం అన్నమాట.

రెండోది గాలి. జూన్, జూలైలో మనకు గాలి పడమర, నైరుతి నుంచి వస్తుంది. నాలుగు బ్లాకులు ఒడ్డుకు సమాంతరంగా గోడలా నిలబడితే చెరువు మీది చల్లగాలి మొదటి వరస ఇళ్ళకే. వెనక కాలనీకి ఏసీల వేడి పోతుంది. ఇవే ఫ్లాట్లు, ఇంతే విస్తీర్ణం, బ్లాకులను అడ్డంగా తిప్పి సన్నటి వైపు చెరువుకు పెడితే మధ్యలో గాలికి సందులు మిగులుతాయి, హాలు ఉత్తరానికో దక్షిణానికో తిరుగుతుంది, చెరువు ఓరగా కనబడుతుంది. బిల్డర్‌కు పోయేదల్లా బ్రోచర్ ముఖచిత్రం.

ఎత్తు సుమారు 30 మీటర్లు వస్తుంది. అంత ఎత్తుకు 18 మీటర్ల రోడ్డు ఉండాలి. అక్కడున్న రోడ్డు ఎంత?

కట్టమీది నడక · సోమవారం ఉదయం

నలభై అడుగులు అని కాగితం మీద. బండ్లు పెట్టే చోట ఇరవై ఐదు. పాల ఆటో వస్తే నేను షాపు అరుగెక్కి నిలబడతాను.

తెప్పమీద · సోమవారం మధ్యాహ్నం

నడక అన్నా, చాకిరేవు గురించి రాసినందుకు సంతోషం. మాది చేపల సొసైటీ ఇల్లు. ఏటా సర్కారు చేపపిల్లలు వదిలేది ఈ చెరువులోనే. మీటింగ్‌కు మమ్మల్ని పిలవలేదు. మేము తెప్పలు దించేది సరిగ్గా ఆ తూర్పు ఒడ్డు నుంచే, ఎందుకంటే అక్కడ నేల సాపుగా ఉంటుంది, ట్రాలీ నీళ్ళ దాకా వస్తుంది. కట్ట వైపు రాళ్ళు, అటు నుంచి వల మోయలేం. బొమ్మలో గేటు ఉందా, ఆ గేటు ఎవరికి తెరుస్తారు? అది చెప్పమనండి.

ఇంకొకటి. ఏసీల మాట అక్క చెప్పింది, మురుగు మాట ఎవరూ అడగలేదు. మూడేళ్ళ కింద పై కాలనీ డ్రైనేజీ కలిసి గుర్రపుడెక్క ఎంత పెరిగిందంటే, పొద్దున వేసిన వల సాయంత్రానికి దొరకలేదు. ఎండాకాలం ఒక తెల్లవారి చేపలన్నీ నోళ్ళు తెరిచి పైకి తేలాయి. ట్రాక్టర్‌తో తీసి పూడ్చాం. ఆ వాసన మా అమ్మ ఇప్పటికీ మర్చిపోదు.

స్కేలూ పెన్సిలూ · సోమవారం మధ్యాహ్నం

తమ్ముడూ, గేటు ప్రశ్న అభ్యంతరంలో మొదట రాయాల్సింది. 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంటే పాతిక ఎకరాలకు పైబడ్డ చెరువుకు హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు. వదిలిన జాగాలో పచ్చదనం, నడకబాట, వీలైతే 12 మీటర్ల రోడ్డు వేసుకోవచ్చు. ఇళ్ళు కట్టకూడదు. బిల్డర్లు ఇక్కడే తెలివి చూపిస్తారు. ఆ 30 మీటర్లను ప్రహరీ లోపలికి కలుపుకుని, ‘లేక్ ప్రామినేడ్’ అని పేరు పెట్టి, తమ పార్కుగా అమ్ముతారు. కాగితం మీద రూలు తప్పినట్టు కనబడదు. మీ సొసైటీ ట్రాలీ మాత్రం సెక్యూరిటీ వాడి దగ్గర ఆగిపోతుంది.

నీడ లెక్క కూడా వేశాను. డిసెంబర్‌లో ఉదయం ఎనిమిదింటికి 30 మీటర్ల బ్లాకు నీడ దాదాపు 100 మీటర్లు పడమరకు పడుతుంది. చాకిరేవు ఎక్కడుంది?

కట్టమీది నడక · సోమవారం సాయంత్రం

రెండో బ్లాకుకు సూటిగా ఎదురుగా, ఒడ్డు మీద. పొద్దున ఏడింటికి ఉతకడం మొదలుపెడితే తొమ్మిదికల్లా తాళ్ళ మీద దుప్పట్లు. ఆస్పత్రుల దుప్పట్లు, లాడ్జీల దుప్పట్లు అన్నీ అక్కడే ఆరతాయి.

పానగల్లు · సోమవారం సాయంత్రం

నల్లగొండ నుంచి. మా ఛాయా సోమేశ్వరాలయంలో రోజంతా కదలని నీడ చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. మీ దగ్గర కదిలే నీడకు గొడవ!

ఎగతాళి కాదు. మా ఉదయసముద్రం కందూరు చోళుల కాలం నాటి చెరువు. ఇప్పుడు ఒకటిన్నర టీఎంసీల బ్యాలెన్సింగ్ రిజర్వాయర్, సాగర్ బ్యాక్‌వాటర్ నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్ళు అందులోకి వస్తాయి. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిన మనుషులను చూసి పెరిగినవాళ్ళం, అందుకే ఆ కట్ట మీద సాయంత్రం నిలబడితే మాకు వ్యూ కనబడదు, బిందె కనబడుతుంది. మీ చెరువు నీళ్ళు తాగేవి కాకపోయినా, కింద బోర్లు దాని మీదే బతుకుతుంటాయి. ఆ కోణం కూడా రాయండి.

ఫ్లాట్ కావాలి · సోమవారం రాత్రి

అందరూ కలిసి నా ఒక్కడి ఫ్లాట్ మీద పడ్డారు. సరే, పడమటి ఎండ మాట ఒప్పుకుంటాను, అది అడుగుతాను. కానీ 30 మీటర్లు వదిలామని వాళ్ళు ప్లాన్‌లో గీత గీసి చూపించారు. రూలు ప్రకారం చేస్తే ఇంకా అభ్యంతరం ఏంటి? హైడ్రా (హైదరాబాద్‌లో చెరువు కబ్జాలు కూల్చే సర్కారు సంస్థ) వచ్చి కూలుస్తుందని మా బావమరిది భయపెడుతున్నాడు, టెన్షన్‌తో నిద్ర లేదు.

ఏఈ సాబ్ · సోమవారం రాత్రి

హైడ్రా మాట ముందు. అది 2024 జూలైలో వచ్చింది, దాని పరిధి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వరకే. పాలమూరుకు రాదు. అంటే ఇక్కడ అడిగేవాడు లేడని కాదు, చెరువు ఇరిగేషన్ వాళ్ళది, హద్దు రెవెన్యూ వాళ్ళది, పర్మిషన్ మున్సిపాలిటీది. ఎవరో కేంద్రం వాళ్ళ చిత్తడి నేలల రూల్స్ ఎత్తుతారు, వద్దు. 2017 రూల్స్‌లో సాగుకోసం, తాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువులను పక్కన పెట్టారు. అది రాస్తే మీ కాగితానికి విలువ పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఇరిగేషన్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) రిటైరయ్యాను. ఈ చెరువు నా సెక్షన్‌లో నాలుగేళ్ళు ఉంది.

30 మీటర్లు వదిలారు. ఎక్కడి నుంచి?

ఎఫ్‌టీఎల్ అంటే ఎండాకాలం కనబడే నీటి అంచు కాదు. మత్తడి పైమట్టం ఎంతో, ఆ మట్టంలో చెరువు చుట్టూ గీస్తే వచ్చే గీత. మత్తడి మీద నీళ్ళు దూకడానికి ఒక చుక్క తక్కువగా ఉన్నప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా నిలుస్తాయో అది. నడక గారు పంపిన ప్లాన్ ఫోటో పెద్దది చేసి చూశాను. వాళ్ళ గీత కింద చిన్న అక్షరాల్లో ‘ఉపగ్రహ చిత్రం, క్షేత్ర పరిశీలన ఆధారంగా’ అని ఉంది. క్షేత్ర పరిశీలన చేసినవాళ్ళు మత్తడి దగ్గరికి వెళ్ళే ఉంటారు. అక్కడే మోసపోయారు, లేదా మోసపోవాలనుకున్నారు.

మత్తడి ఎడమ కొసన మూడు గజాల మేర పగలగొట్టి ఉంటుంది. అడుగు లోతు. ఇప్పటిది కాదు, నేను చార్జి తీసుకునేటప్పటికే ఉంది. రెండుసార్లు ఎస్టిమేట్ వేసి పంపాను. పగలగొడితే ఎవరికి లాభమో ఊళ్ళో చెప్పనక్కర్లేదు. నీళ్ళు అడుగు తక్కువ నిలుస్తాయి, శిఖంలో, అంటే చెరువు నిండితే మునిగే జాగాలో, భూమి తేలుతుంది.

అడుగే కదా అంటారు. తూర్పు ఒడ్డున నేల వాలు అరవైకి ఒకటి. తెప్ప తమ్ముడు ‘సాపుగా ఉంటుంది’ అన్నది అదే. మట్టం అడుగు పెరిగితే నీళ్ళు అరవై అడుగులు ముందుకు వస్తాయి, అంటే 18 మీటర్లు. 220ని 18తో గుణిస్తే 3960 చదరపు మీటర్లు. ఎకరం కంటే ఒక్క గుంట తక్కువ. ఆ విరిగిన మూల విలువ అది.

ఇంకా ఉంది. వాన పడ్డప్పుడు నీళ్ళు మత్తడి మట్టం దగ్గర ఆగవు, దాని మీదుగా దూకుతాయి. 2020 అక్టోబర్‌లో పెద్దరాయి దగ్గర నిలబడి చూశాను, మత్తడి మీద రెండడుగులు. రెండడుగులంటే ఒడ్డున ఇంకో నూట ఇరవై అడుగులు. వాళ్ళ గీత నుంచి లెక్కేస్తే మొత్తం 180 అడుగులు, 55 మీటర్లు. అందులో 30 వదిలారు. మిగతా 25 మీటర్లు బ్లాకుల కిందే.

మునిగిపోతారని నేను అనను. అక్కడ లోతు మోకాలు కూడా దాటదు. కానీ స్టిల్ట్‌లో లిఫ్టు గుంత, కరెంటు ప్యానెల్, మంచినీళ్ళ సంపు ఉంటాయి. సంపు మూత మీదుగా చెరువు నీళ్ళు పోయాక ఆ సంపు నీళ్ళు ఎవరు తాగుతారు? మొరం పోసి లేపుతామంటారు. లేపితే ఆ నీళ్ళు ఎదురు ఒడ్డుకు పోతాయి, అక్కడ ఉన్నవి రేకుల ఇళ్ళు.

తెప్పమీద · సోమవారం రాత్రి

సార్, ఆ రేకుల ఇళ్ళల్లో ఒకటి మాదే.

పట్టా ఉంది · మంగళవారం ఉదయం

ఇంతసేపు చదివి ఊరుకుందామనుకున్నా. ఆ ఆరున్నర ఎకరాల్లో ఎకరం పది గుంటలు మా నాన్న పేరున ఉండేది. శిఖం పట్టా. చెరువు నిండితే నీళ్ళ కింద, తగ్గితే దున్నుకోవచ్చు. ఇల్లు కట్టొద్దు, నాలా కన్వర్షన్ (సాగు భూమిని వేరే వాడకానికి మార్చే అనుమతి) రాదు, బ్యాంకు లోన్ ఇవ్వదు. పక్క సర్వే నంబర్ వాళ్ళు గజాల లెక్కన అమ్ముకుని కార్లు కొంటుంటే మేము పుచ్చకాయలు వేసుకున్నాం. చెల్లి పెళ్ళికి ఏం చేయాలి? అగ్రిమెంట్ చేసుకుని ఇచ్చేశాం. చెరువు అందరిదీ అంటారు, నష్టం మాత్రం మా ఒక్కరిది.

మత్తడి పగలగొట్టింది ఎవరో మా వరస రైతులందరికీ తెలుసు. నేను చెప్పను. మా ఇంటివాళ్ళు కాదు, అంతవరకు చెప్పగలను.

ఏఈ సాబ్ · మంగళవారం ఉదయం

నీ మాట అబద్ధం కాదు నాయనా. శిఖం పట్టాదారుకు ఏదో ఒక దారి చూపకుండా గీతలు మాత్రం గట్టిగా గీస్తామంటే న్యాయం కాదు. నేను సర్వీసులో ఉండగా కూడా ఇది చెప్పాను, పైన వినలేదు. కానీ నీకు ఇచ్చిన రేటు శిఖం రేటా, ప్లాట్ల రేటా? అది ఆలోచించుకో.

పట్టా ఉంది · మంగళవారం ఉదయం

శిఖం రేటే.

మోడరేటర్ · మంగళవారం మధ్యాహ్నం

రెండు కామెంట్లు తీసేశాను. కులాల పేర్లు, కౌన్సిలర్ పేర్లు వద్దు. మిగతా చర్చ బాగుంది, కానివ్వండి.

స్కేలూ పెన్సిలూ · మంగళవారం రాత్రి

ఏఈ గారి లెక్క చూశాక నా బ్లాకుల తిప్పుడు సంగతి చిన్నదైపోయింది. అయినా చెప్తాను. ఎఫ్‌టీఎల్ సరిగ్గా పెట్టి, దాని నుంచి 30 మీటర్లు వదిలితే స్థలం దాదాపు ఎకరం తగ్గుతుంది. రోడ్డు చాలదు కాబట్టి తొమ్మిది అంతస్తులు ఎలాగూ రావు. ఐదో ఆరో వస్తాయి. నాలుగు బ్లాకులకు బదులు మూడు, చెరువుకు అడ్డంగా. సెల్లార్ ఆలోచనే వద్దు, ఊట ఆగదు, ఏడాది పొడవునా మోటారు నడుస్తూనే ఉంటుంది. మత్తడి వాగును ప్లాన్‌లో రెండు మీటర్లు వదిలి ‘డ్రెయిన్’ అని రాశారు. వాగు వెడల్పు 10 మీటర్లు దాటితే తొమ్మిది మీటర్లు వదలాలి. ఎవరైనా టేపు పట్టి కొలవండి. ప్రహరీ 30 మీటర్లకు ఇవతలే ఆగాలి, ఒడ్డు బాట మున్సిపాలిటీకి రాసివ్వాలి, చాకిరేవు బండలు, తెప్పల దారి, గుడి ప్లాన్ మీద గీయాలి. గీయనిది కాంట్రాక్టరు దృష్టిలో లేనట్టే, జేసీబీ వచ్చిన రోజున వాడు కాగితమే చూస్తాడు.

కట్టే విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి కావాలి. నాలుగు బ్లాకులకు ఖాయంగా దాటుతుంది. మురుగు శుద్ధి చేసిన నీళ్ళు ఎటు వదులుతారో అందులో అడగాలి. తమ్ముడి చేపల సంగతి అక్కడ పనికొస్తుంది.

ఫ్లాట్ గారూ, మీ రసీదు మీద రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా?

ఫ్లాట్ కావాలి · మంగళవారం రాత్రి

‘ప్రీ లాంచ్ ఆఫర్’ అని ఉంది. నంబర్ తర్వాత ఇస్తామన్నారు.

స్కేలూ పెన్సిలూ · మంగళవారం రాత్రి

500 చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, ఎనిమిది దాటిన ఫ్లాట్లైనా రిజిస్టర్ కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. రిజిస్టరైతేనే మీరు కట్టే డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో పడుతుంది. ఇప్పుడు మీరు కట్టింది ఏ ఖాతాలో ఉందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇంకో రూపాయి కట్టకండి.

కట్టమీది నడక · శుక్రవారం రాత్రి

ఆలస్యమైంది. ఏఈ సాబ్, తెప్ప తమ్ముడు, నేను, పట్టా తమ్ముడు కూడా (వస్తాడనుకోలేదు) నిన్న పొద్దున వెళ్ళాం. వాగు టేపుతో కొలిచాం, మత్తడి దిగువన 11 మీటర్ల 40. విరిగిన మూల ఫోటోలు తీశాం. పగిలిన చోట రాయి నల్లబడి నాచు పట్టింది, కొత్తది కాదని చూస్తేనే తెలుస్తుంది.

తర్వాత ఎఫ్‌టీఎల్ హద్దురాళ్ళు వెతికాం. పట్టా తమ్ముడు లేకపోతే దొరికేవి కాదు. మొదటి రాయి తుమ్మల్లో, రెండోది చాకిరేవు వెనక దొరికాయి. మూడోది నీలిరేకుల కంచె లోపల. కంచె కింద కుక్కలు తవ్విన సందు ఉంది, తమ్ముడు అందులోంచి పాకి వెళ్ళాడు. రాయిని వాళ్ళు పీకలేదు. పైన సిమెంటు బస్తాలు పేర్చారు. బస్తాలు జరిపితే ఎర్ర అక్షరాలు, సగం చెరిగాయి గానీ చదవడానికి వస్తాయి. వాళ్ళ గీత నుంచి రాయి దాకా పందొమ్మిది పెద్ద అంగలు వేశాడు, దాదాపు ఏఈ సాబ్ లెక్కేసిన 18 మీటర్లే. ఏఈ సాబ్ కంచె బయట నిలబడి నవ్వుతూనే ఉన్నాడు.

సోమవారం నలుగురి సంతకాలతో కాగితం ఇస్తున్నాం. అక్క రాసిన ప్లాన్ మార్పులు జత చేశాం. ఇరిగేషన్‌కు, రెవెన్యూకు నకళ్ళు. జాయింట్ సర్వే అడిగాం, మత్తడి పాత మట్టం నుంచి.

ఫ్లాట్ కావాలి · శుక్రవారం రాత్రి

నాది డి బ్లాకు, రెండో అంతస్తు. ఆ మూడో రాయి ఎక్కడ వస్తుందో చెప్పగలరా?

కట్టమీది నడక · శుక్రవారం రాత్రి

డి బ్లాకు ముందు, మీ బాల్కనీకి పది పన్నెండు గజాల దూరంలో. రేపు పొద్దున ఆరింటికి కట్ట దగ్గరికి రండి సార్, చూపిస్తాను. పాత చెప్పులు వేసుకోండి, బురద ఉంది.